బొమ్మలు గీసి బతకొచ్చా? - జెనెల్ జాక్వేస్ పని గురించి

 

పిల్లల భవిష్యత్తు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. డీఎస్సీ, గ్రూప్స్, పోలీసు ఉద్యోగాల గురించి చెప్పేవాళ్లు ఈ వేదిక మీదే చాలామంది ఉన్నారు కాబట్టి మేము వేరే సంగతి ఎత్తుకుంటాం. హాస్టళ్లలో పనిచేసే మాకు నోటుపుస్తకాల చివరి పేజీలు బాగా తెలుసు. లెక్కల నోట్సు వెనక పులి ఉంటుంది, కత్తి పట్టిన వీరుడు ఉంటాడు, కొండ మీద కోట ఉంటుంది. ఆ బొమ్మ గీసిన పిల్లో పిల్లాడో సెలవులకి ఇంటికెళితే నాన్న అడిగే ప్రశ్న కూడా మాకు తెలుసు. "ఇవి కూడు పెడతాయా?" ఆ ప్రశ్నలో తప్పు లేదు. దానికి జవాబుగా ఒక మనిషి కథ చెప్తాం. పెట్టిన రోజులూ చెప్తాం, పెట్టని రోజులూ చెప్తాం.

ఆమె పేరు జెనెల్ జాక్వేస్. 1956లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టారు. అదే రాష్ట్రంలో స్ప్రింగ్ ఆర్బర్ అనే కాలేజీలో చిత్రకళ చదువుకున్నారు. ఆ రోజుల్లోనే, అంటే 1974లో, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట వచ్చింది. దానికి స్క్రీను లేదు, కరెంటు అక్కర్లేదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు వీరులు. "ముందు రెండు దారులున్నాయి, ఎటు పోతారు?" అని కథ నడిపేవాడు అడుగుతాడు. గెలుపో ఓటమో పాచికలు తేలుస్తాయి. రాత్రిపూట కథ చెప్పే తాతని మధ్యలో ఆపి, "నేనైతే అటు పోను తాతా" అనే పిల్లలు మన ఇళ్లలో ఉన్నారు కదా, ఇంచుమించు అలాంటిదే.

ఈ ఆటకి నేలమాళిగల పటాలు కావాలి, రాక్షసుల బొమ్మలు కావాలి. 1976లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, జాక్వేస్ తన మిత్రులతో కలిసి 'ది డంజనీర్' అని ఒక చిన్న పత్రిక మొదలుపెట్టారు. బొమ్మలు, పటాలు, రాతలు అన్నీ సొంతంగా చేసుకున్నవే. ఎవరూ పిలిచి పని ఇవ్వలేదు. ఆ పత్రికే ఆమెకి తర్వాత ఉద్యోగానికి చూపించే కాగితం అయింది. 1978లో జడ్జెస్ గిల్డ్ అనే చిన్న కంపెనీలో చేరారు. ఏడాది తిరిగేసరికి, 1979లో, ఆమె చేసిన రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి 'డార్క్ టవర్', రెండోది 'కేవర్న్స్ ఆఫ్ థ్రేసియా'. ఇవి ఆటగాళ్ల కోసం పటాలతో, బొమ్మలతో చేసిన సాహస కథలు.

ఈ రెండో పుస్తకం దగ్గర కాసేపు ఆగాలి. అప్పట్లో చాలామంది గీసే పటాలు రైలు బోగీల్లా ఉండేవి. ఒక గది, దాని తలుపు తీస్తే ఇంకో గది, మళ్లీ ఇంకో గది. ఎవరు ఆడినా అదే వరస. జాక్వేస్ పటంలో లోపలికి పోవడానికే ఒకటికి మించి దారులుంటాయి. ఒక మెట్ల దారి ఒక అంతస్తుని వదిలేసి నేరుగా ఇంకా కిందికి దించుతుంది. ఒక దారి చుట్టూ తిరిగి మొదటి చోటికే తెస్తుంది. రహస్య తలుపులుంటాయి. మనం సంతకి పోవాలంటే రోడ్డున పోవచ్చు, గట్టు దాటి అడ్డదారిన పోవచ్చు, వాగు వెంట పోవచ్చు. ఎటు పోతే ఎవరు ఎదురవుతారో అది వేరే కథ. ఆమె పటమూ అంతే, రెండు జట్లు ఆడితే రెండు కథలు పుడతాయి. పైగా ఆ గుహలకి ఒక చరిత్ర ఉంటుంది. ఒకరు కట్టినదాన్ని ఇంకొకరు ఆక్రమించి ఉంటారు. ఆ సంగతి ఎవరూ ఉపన్యాసంలా చెప్పరు. గోడలు, విగ్రహాలు చూసి ఆటగాళ్లే తెలుసుకోవాలి. ఇలా దారులు అల్లే పద్ధతిని తర్వాతి తరం వాళ్లు ఆమె పేరుతోనే పిలిచారు. 2004లో 'డంజన్' పత్రిక ముప్పై గొప్ప సాహసాలను ఏరితే 'డార్క్ టవర్' అందులో ఉంది.

ఎనభైల్లో ఆమె కొలెకో అనే బొమ్మల కంపెనీకి మారి వీడియో గేముల పని పట్టారు. ప్యాక్‌మ్యాన్, డాంకీ కాంగ్ లాంటి ఆటలని ఇంట్లో ఆడుకునే చిన్న మిషన్లకి తేవడం ఆ పని. ఆ మిషన్లలో చోటు తక్కువ, రంగులు తక్కువ. లెక్కపెట్టిన చుక్కల్లోనే బొమ్మ రావాలి. పూసలు గుచ్చి దండలో పువ్వు తెప్పించే మన అమ్మమ్మలకి ఈ కష్టం చెప్పక్కర్లేదు. వీడియో గేముల మార్కెట్టు కూలిన ఆ రోజుల్లో, 1985లో, ఆ ఉద్యోగం పోయింది. తర్వాత కొన్నేళ్లు బయటి పనులు చేసుకుంటూ గడిపారు. నాన్నలు భయపడేది ఇలాంటి ఏళ్ల గురించే, ఆ భయం ఉత్తది కాదు. ఆ ఏళ్లలో ఆమె పెన్సిల్ వదల్లేదు. తొంభైల్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ కంపెనీ టీఎస్ఆర్‌కే చిత్రకారిణి అయ్యారు. 1993లో వచ్చిన 'డ్రాగన్ మౌంటెన్' అట్ట మీది బొమ్మ ఆమెదే.

1997లో ఐడీ సాఫ్ట్‌వేర్‌లో చేరి క్వేక్ 2, క్వేక్ 3 అరీనా ఆటలకి ఆటస్థలాలు తయారుచేశారు. ఇరవై ఏళ్ల కిందట కాగితం మీద చేసిన ఆలోచనే ఇప్పుడు కంప్యూటర్లో. మనిషి ఎటు పరిగెడతాడు, ఎక్కడ ఆగుతాడు, వెనక్కి తిరిగితే ఏం కనిపిస్తుంది? మీలో ఫోన్లో గేములు ఆడేవాళ్లు ఉన్నారు. ఈసారి ఆడేటప్పుడు కాల్చడం కాసేపు ఆపి దారులు చూడండి. ఎవరో కూర్చుని గీసినవే అవన్నీ. ఆ తర్వాత ఆమె 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3' తీసిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్‌లో పనిచేశారు. డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో 2003లో గేముల తయారీ నేర్పడానికి 'గిల్డ్‌హాల్' మొదలైంది. దాన్ని నిలబెట్టినవారిలో ఆమె ఒకరు. టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం కాబట్టి మాకు ఈ ఒక్క పని మిగిలిన వాటన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

ఇంకో మాట. పాత పుస్తకాల మీద మీకు ఆమె ఇప్పటి పేరు కనిపించదు. పుట్టినప్పుడు అబ్బాయి అన్నారు, 2011లో తాను స్త్రీనని బయటికి చెప్పుకున్నారు. అప్పటికి ఆమెకి యాభై అయిదేళ్లు. అన్నేళ్లు మోసిన బరువు ఎంతో మనకి అందదు. మన గూడేల్లోనూ హాస్టళ్లలోనూ అలాంటి పిల్లలున్నారు. పేర్లు పెట్టి ఏడిపించకండి. అన్నం బల్ల దగ్గర పక్కన చోటివ్వండి, చాలు.

2017లో ఆ రంగం వాళ్లు ఆమెని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. 2023 అక్టోబరులో నరాల జబ్బు వచ్చి ఆసుపత్రి పాలైతే, ఖర్చులకి అభిమానులు చందాలు వేసుకున్నారు. 2024 జనవరి 10న పోయారు. అంత పేరున్న మనిషికీ చందాలు కావలసి వచ్చాయంటే, ఈ దారిలో డబ్బు సంగతి ముందే ఆలోచించుకోవాలి. డిగ్రీ ఒకటి చేతిలో ఉండనివ్వండి. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్ఏ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఉంది, దానికి ప్రవేశ పరీక్ష రాయాలి, ఎస్టీలకు సీట్లుంటాయి. బొమ్మలకి క్రిటా, త్రీడీకి బ్లెండర్, గేములకి గొడో అనే సాఫ్ట్‌వేర్లు ఉచితం. పాత కంప్యూటర్ ఒకటి దొరికితే క్రిటాతో మొదలుపెట్టండి.

అంతకంటే ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని మీ ఊరి పటం గీయండి. వాగు, గట్టు, అమ్మవారి చెట్టు, పెద్దలు పోవద్దన్న గుహ, అన్నీ పెట్టండి. ఊళ్లోకి కనీసం మూడు దారులుండాలి. వెనక పేజీలో ఒక్కో చోటికి తాత చెప్పిన కథ రాయండి. వచ్చిన పటాలన్నీ కలిపి చిన్న పుస్తకంగా కుడదాం. జిరాక్సు ఖర్చు వార్డెన్లం మేము పెట్టుకుంటాం. సెలవులు అయి వచ్చేటప్పుడు తెండి.