కాటా చీటీ - సీరియల్ కేబులు

విశాఖపట్టణపు రేవునకు సరకు తెచ్చు లారీవానికి కాటా చీటీయే సాక్ష్యము. అందొక పంక్తి లోపించినచో వాదు తప్పదు. పాత ప్రింటర్లున్న కాటాలలో మనము యంత్రమును నిందింతుము గాని, దోషము పలుమారు దానిని కంప్యూటరుతో కలుపు సీరియల్ కేబులున నుండును.

ఇందు అక్షరములు విద్యుత్ స్పందనలై ఒకే తీగపై వరుసగా నడచును. 1960లో అమెరికాలో వెలసిన ఆర్.ఎస్. 232 ప్రమాణము దీనికి మూలము. ఒకటి పలుకు తీగ రెండవది విను పిన్నునకు చేరవలెను. పిన్నుల సంఖ్యలను గ్రుడ్డిగా నమ్మరాదు సుమా! కంప్యూటరు 9 పిన్నుల కనెక్టరున 3వది పలుకును, 2వది వినును. ప్రింటరు 25 పిన్నుల కనెక్టరున ఇది తారుమారు. కావున 2ను 2కు, 3ను 3కు, ఉమ్మడి భూమి తీగగా 5ను 7కు కలుపవలెను.

ఈ మూడింటితో ముద్రణ సాగును. పొదుపరులు ఇచ్చటనే ఆగుదురు. అది పొదుపు కాదని మా అభిప్రాయము. ప్రింటరు మందగామి. దాని బఫరు నిండినపుడు 'ఆగుము' అను సంకేతము, సాధారణముగా దాని 20వ పిన్నునుండి, కంప్యూటరు 8వ పిన్నునకు చేరవలెను. ఆపుటకు వేరు ఏర్పాటు లేక, ఈ తీగయు లేనిచో పంక్తులు జారిపోవును.

ఉప్పుగాలికి పిన్నులు చిలుమెక్కును, తుడుచుచుండవలెను. ఈ కేబులు 50 అడుగులు దాటరాదని పాత నియమము. ఉక్కు కర్మాగారము వంటి విశాల స్థలములకు 4,000 అడుగుల వరకు పోగల ఆర్.ఎస్. 485 మేలు.