ఇల్లు ఖాళీ చేయించుట



అద్దె యిండ్ల తగవులు నేడు పట్టణములకే పరిమితములు కావు. బడియు, బ్యాంకియు, ఆసుపత్రియు వెలసిన ప్రతి పెద్ద గ్రామమునను అద్దె యిండ్లున్నవి. వానితోపాటు తగవులును వచ్చినవి. అట్టి తగవు మొట్టమొదట చేరునది కోర్టునకు గాదు, మీ యరుగు మీదికి. అప్పుడు మీరు పలుకు మాటను బట్టియే ఉభయుల మేలు కీడులు నిర్ణయమగును. కావున ఈ విషయమున చట్టము చెప్పునది కొంత మనవి చేసెదను. పొలముల కౌళ్లకు వేరు శాసనములు గలవు. వాని జోలికి నేడు పోను.

నేను వకీలుగా నున్న కాలమున ఒక వితంతువు నాయొద్దకు వచ్చినది. భర్త విడిచిపోయిన ఒక్క యిల్లే ఆమెకు జీవనాధారము. అందు కాపురమున్న చిల్లర వర్తకుడు ఎనిమిది నెలలుగా అద్దె చెల్లింపలేదు. అడిగినప్పుడెల్ల వచ్చే నెల యనెడివాడు. ఆమె తమ్ముడు ఓర్వలేక, వర్తకుడు సంతకు పోయిన దినమున, సామానంతయు వీధిలో పెట్టించి తలుపునకు క్రొత్త తాళము వేసినాడు. మంచి పని చేసితివని ఊరిలో పలువురు మెచ్చుకొనిరి. నెల తిరుగకముందే ఆమెకు కోర్టునుండి సమన్లు వచ్చినవి. అద్దె ఎగవేసినవాడు వాది. అద్దె రావలసిన ఆమె ప్రతివాది!

ఇది యన్యాయమని మీకు తోచవచ్చును. కాని 1963వ సంవత్సరపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము 6వ సెక్షను చూడుడు. ఇంటి స్వాధీనములోనున్న వానిని, అతని సమ్మతి లేకయు, చట్టప్రకారము గాకయు వెడలగొట్టినచో, అతడు ఆరు నెలలలోపల దావా వేసి స్వాధీనమును మరల పొందవచ్చును. ఇల్లెవరిదను ప్రశ్న ఆ దావాలో అడ్డు రాదు. ఆ డిక్రీపై అప్పీలు కూడ లేదు. సొంతదారు తన హక్కును వేరొక దావాలో రుజువు చేసికొనవలసినదే. 1877వ సంవత్సరపు పాత చట్టమునను ఈ నియమముండెను. ఇల్లు నీదే యగుగాక, అందున్న మనిషిని చేయిపట్టి యీడ్చుటకు నీకధికారము లేదని దీని భావము. నేడు తాళము వేయుట న్యాయమైనచో, రేపు బలవంతుడైన అద్దెదారు ఆ వితంతువునే గడప తొక్కనీయకుండుటయు న్యాయమే యగును గదా!

ఇక సక్రమమైన మార్గమేది? నెలసరి అద్దెకిచ్చిన యింటికి, వేరు కరారు లేనిచో, 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 106వ సెక్షను ప్రకారము పదునైదు దినముల గడువుతో నోటీసు ఇయ్యవలయును. అది వ్రాతమూలకముగా నుండి, ఇంటి యజమానియో, అతని పక్షమున మరియొకరో సంతకము చేసినదై యుండవలయును. టపాలో పంపవచ్చును, అద్దెదారు చేతికో, అతని యింట కుటుంబములోని వారికో, సేవకులకో అందజేయవచ్చును, అవి సాధ్యము కానిచో ఇంటికి కనబడుచోట అంటింపవచ్చును. గడువు నోటీసు అందిన నాటినుండి లెక్కకు వచ్చును.

గడువు ముగిసినను అతడు కదలనిచో సివిలు కోర్టులో దావా వేయవలయును. అద్దె బాకీని, గడువు తరువాత నిలిచియున్న కాలమునకు నష్టపరిహారమును ఆ దావాలోనే కోరవచ్చును. డిక్రీ వచ్చినను తాళము మీరు తీయరాదు. డిక్రీని అమలు జరుపుమని కోర్టును కోరినచో, కోర్టు అమీనా వచ్చి స్వాధీనము ఇప్పించును.

ఇంకొక మెలకువ గలదు. నోటీసు గడువు దాటిన పిమ్మట, ఆ తరువాతి నెలలకు అద్దెయని చెప్పి పైకము పుచ్చుకొని రసీదు ఇచ్చినచో, మీరే కౌలును కొనసాగించితిరని ఎదుటి వకీలు వాదించును. 113వ సెక్షను అతనికి తోడుపడును.

పట్టణములలో కొన్ని యిండ్లకు వేరు అద్దె చట్టములు వర్తించును. 1946లో మదరాసు రాజధానిలోను, 1960లో ఆంధ్రప్రదేశ్‌లోను చేసిన చట్టములు ఇట్టివి. 1960 చట్టము క్రింద నోటీసు మాత్రము చాలదు. బుద్ధిపూర్వకముగా అద్దె ఎగవేయుట, అనుమతి లేక ఇతరులకు అద్దెకిచ్చుట, యజమానికి నిజముగా ఇల్లు అవసరమగుట వంటి కారణమొకటి రుజువు కావలయును. మీ బంధువులకు పట్టణమున ఇల్లున్నచో, ఇప్పుడక్కడ నే చట్టము చెల్లునో ముందుగా వకీలు నడిగి తెలిసికొనుడని చెప్పుడు.

ఆ వితంతువు కథ యేమైనదని మీరడుగవచ్చును. ఆమె తాళపుచెవి తిరిగి ఇచ్చినది. పిదప నోటీసిచ్చి, దావా వేసి, ఇల్లు దక్కించుకొన్నది. కాని తమ్ముని తొందర వలన ఒక యేడాది వృథాయైనది. ఆ యేడాది ఆమె పొరుగిండ్ల వడ్లు దంచి పొట్ట పోసికొన్నది.

అయ్యలారా, ఇట్టి తగవు మీయొద్దకు వచ్చినప్పుడు తాళము జోలికి పోవలదని మొదట చెప్పుడు. తరువాత అద్దె కరారును, రసీదులను తెప్పించి చూడుడు. బాకీ ఎంతయో, ముందుగా ఇచ్చిన పైకమెంతయో తేల్చుడు. అద్దెదారునకు బిడ్డల పరీక్షలో, ఇంట పురుడో యున్నచో కొంత వ్యవధి ఇప్పించుడు. ఖాళీ చేయు తేదీని కాగితముపై వ్రాయించి ఉభయులచేత సంతకము చేయించుడు. రాజీ కుదిరినచో దావా ఖర్చు తప్పును. కుదరనిచో ఆ కాగితమే రేపు కోర్టులో సాక్ష్యమునకు పనికివచ్చును.