జూమ్ చేస్తే మ్యాప్ ఎందుకు పారిపోతుంది?

పోయిన నెల నేను చేసిన ఊరు కట్టే గేమ్‌ని మా తమ్ముడి చేతిలో పెట్టాను. రెండు నిమిషాలు కూడా ఆడలేదు. "అన్నా, చెరువు మీద జూమ్ చేస్తే అది పక్కకి పారిపోతోంది" అని ఫోన్ తిరిగిచ్చేశాడు. ఆరు నెలల కష్టం అండీ! వేలి మాట వినని గేమ్‌లో గ్రాఫిక్స్ ఎంత బాగుంటే ఏం లాభం?

అందుకే ఈ రోజు యూనిటీలో, ఆర్థోగ్రాఫిక్ కెమెరాతో పాన్, జూమ్ చూద్దాం. రూల్ ఒక్కటే: వేలి కింద ఉన్న చోటు వేలి కిందే ఉండాలి.

ముందు పాన్. నేను వేలు జరిగిన పిక్సెల్స్‌ని ఏదో ఒక స్పీడ్ నంబర్‌తో గుణించాను. నా ఫోన్‌లో బాగుంది. తమ్ముడి ఫోన్‌లో రిజల్యూషన్ ఎక్కువ, మ్యాప్ ఒకటే పరుగు! సరైన లెక్క ఇది. ఆర్థోగ్రాఫిక్ సైజ్ 5 అయితే, స్క్రీన్ ఎత్తులో 10 యూనిట్లు కనిపిస్తాయి. ఆ 10ని స్క్రీన్ ఎత్తు పిక్సెల్స్‌తో భాగిస్తే, ఒక్క పిక్సెల్ ఎన్ని యూనిట్లో తెలుస్తుంది. దాంతో గుణించి, కెమెరాని వేలికి ఎదురు దిశలో జరపండి.

ఇక జూమ్. వేళ్ల మధ్య దూరంలో తేడా కాదు, నిష్పత్తి తీసుకోండి. దూరం 200 పిక్సెల్స్ నుంచి 400 అయితే, కెమెరా సైజ్ సగం అవ్వాలి. దానికి కనిష్ఠం, గరిష్ఠం కూడా పెట్టండి.

చెరువు పారిపోయింది ఎక్కడంటే, నేను సైజ్ మార్చి వదిలేశాను. అప్పుడు జూమ్ ఎప్పుడూ స్క్రీన్ మధ్యలోకే వెళ్తుంది. సైజ్ మార్చే ముందు, రెండు వేళ్ల పాత మధ్య బిందువు కింద మ్యాప్‌లో ఏ చోటు ఉందో చూసుకోండి. మార్చాక, కొత్త మధ్య బిందువు కింద ఏ చోటు ఉందో చూడండి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి, వచ్చింది కెమెరా పొజిషన్‌కి కలపండి. చెరువు కదలదు. రెండు వేళ్లతో పాన్ కూడా ఫ్రీగా వచ్చేస్తుంది!

ఇంకోటి. రెండు వేళ్లలో ఒకటి తీయగానే మ్యాప్ ఎగిరి దూకుతుంది. మధ్య బిందువు పోయి ఒక్క వేలే మిగిలింది కదా! వేళ్ల సంఖ్య మారిన ఫ్రేమ్‌లో కెమెరాని కదపకండి, కొత్త పొజిషన్ మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇవన్నీ సరిచేసి మళ్లీ తమ్ముడికి ఇచ్చాను. ఈసారి ఫోన్ తిరిగివ్వలేదు, ఛార్జర్ అడిగాడు!

మీరూ ట్రై చేయండి. ఎక్కడ ఆగిపోయారో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!