సరిహద్దు దాటే వారెంటు: అప్పగించే ముందు వినాలి

(టేకల్‌లో జరిగిన యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరి స్టేషన్‌లో రైలెక్కితే బంగారపేట దాటిన తర్వాత కుప్పం వస్తుంది. అది ఆంధ్ర. ఇంకా ముందుకు పోతే జోలార్‌పేట. అది తమిళనాడు. ఒక్క రైలుకు మూడు రాష్ట్రాలు. మన చుట్టాలు మూడు చోట్లా ఉన్నారు. మన పనులు బెంగళూరులో ఉన్నాయి. మనకు సరిహద్దంటే బస్సు కిటికీలోంచి కనబడే ఒక బోర్డు. పోలీసులకూ కోర్టులకూ మాత్రం అది పెద్ద గీత. ఒకచోట కోర్టు ఇచ్చిన వారెంటు ఇంకోచోట ఎట్లా చెల్లుతుంది? ఒక దేశం అడిగితే ఇంకో దేశం మనిషిని ఎట్లా అప్పగిస్తుంది? ఈ సంగతే మాట్లాడమని పెద్దలు నన్ను అడిగారు.

ఇది లాయర్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. కొంతకాలం కిందట ఒక తల్లి అర్ధరాత్రి నాకు ఫోన్ చేసింది. కొడుకు బెంగళూరులో డెలివరీ పని చేస్తాడు. స్నేహితుడు అడిగాడని తన బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు వాడుకోమని ఇచ్చాడు. నెలకింత ఇస్తానన్నాడట. ఆ ఖాతాలో వచ్చి పడింది, వేరే రాష్ట్రంలో ఒక పెద్దాయనను మోసం చేసి కాజేసిన డబ్బు. అక్కడి పోలీసులు మామూలు బట్టల్లో వచ్చి పిల్లవాణ్ణి కారెక్కించుకుని పోయారు. ఏ స్టేషనో చెప్పలేదు. ఒక కాగితం ఇవ్వలేదు. "అన్నా, తీసుకుపోయింది పోలీసులో దొంగలో కూడా తెలీదే" అని ఆ తల్లి ఏడ్చింది. వాడి ఆచూకీ తెలియడానికి రెండు రోజులు పట్టింది.

ఆ పిల్లవాడిది తప్పేమీ లేదని నేను అనను. డబ్బు పోగొట్టుకున్న ఆ పెద్దాయనా ఎవరికో తండ్రే. గీత దాటి వెళ్ళిపోయినవాణ్ణి పట్టుకోలేకపోతే ఆయనకు న్యాయం ఎక్కడ? కాబట్టి వారెంటు సరిహద్దు దాటాలి. అయితే ఎట్లా దాటాలి అన్నదే మన ప్రశ్న.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం గుర్తు తెచ్చుకోండి. సౌలు ప్రధాన యాజకుని దగ్గర ఉత్తరాలు తీసుకుని దమస్కుకు బయలుదేరాడు. ఎందుకు? ఈ మార్గంలో ఉన్నవాళ్ళు పురుషులైనా స్త్రీలైనా సరే, కట్టి యెరూషలేముకు తీసుకురావడానికి. ఒక ఊరి అధికారం ఇంకో ఊరిలోని మనిషిని పట్టి తెచ్చుకోవడం. మన భాషలో చెప్పాలంటే అది సరిహద్దు దాటిన వారెంటు. దమస్కులో ఆగి "వీళ్ళు చేసిన నేరమేమిటి?" అని అడిగేవాడు ఒక్కడు కూడా ఆ కథలో కనబడడు.

ఇప్పుడు 25వ అధ్యాయానికి రండి. అదే మనిషి కైసరయలో ఖైదీగా ఉన్నాడు. అతన్ని యెరూషలేముకు పంపమని పెద్దలు ఫేస్తును అడిగారు. దారిలో చంపడానికి మనుషులను కూడా సిద్ధం చేసుకున్నారు. ఫేస్తు గొప్ప నీతిమంతుడేమీ కాడు. అయినా అగ్రిప్పతో చెప్పిన మాట చూడండి. నిందితుడు తన మీద నేరం మోపినవాళ్ళ ఎదుట నిలబడి జవాబు చెప్పుకునే అవకాశం దొరకకముందే అతన్ని అప్పగించడం రోమీయుల ఆచారం కాదన్నాడు. రెండు వేల ఏళ్ళ తర్వాత ప్రపంచంలోని అప్పగింత చట్టాలన్నీ ఈ మాట చుట్టూనే తిరుగుతున్నాయి. మనిషిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించే ముందు, ఇద్దరికీ చెందని ఒకరు ఆగి వినాలి.

మన నేల మీద జరిగిన పాత కేసు ఒకటి చెప్తాను. నిజాం సంస్థానంలో శంకర్‌పల్లి రైల్వే స్టేషన్. అక్కడ యూసుఫుద్దీన్ అనే నిజాం ప్రజను బ్రిటిష్ పోలీసులు పట్టుకున్నారు. వారెంటు ఇచ్చింది ఎక్కడో సిమ్లాలోని మెజిస్ట్రేట్. రైలు పట్టాలున్న భూమి మీద అధికారం మాకు ఇచ్చారు కాబట్టి పట్టుకోవచ్చన్నది సర్కారు వాదన. కేసు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. 1897లో తీర్పు వచ్చింది. మీకు అధికారం ఇచ్చింది రైల్వే వ్యవహారాల కోసం. సిమ్లాలో జరిగిందంటున్న నేరానికీ రైలుకూ సంబంధం లేదు. కాబట్టి ఆ అరెస్టు చెల్లదు. సామ్రాజ్యం వాళ్ళదే, కోర్టు వాళ్ళదే. అయినా గీత గీతే అని చెప్పక తప్పలేదు.

మన కోలారు జిల్లా అప్పుడు మైసూరు సంస్థానం. కుప్పం, పలమనేరు మద్రాసు ప్రెసిడెన్సీ. ఇక్కడ కూడా రైలు భూమి మీది అధికారం బ్రిటిష్ వాళ్ళదే. అంటే టేకల్ ఊరిలో ఒక రాజ్యం, టేకల్ స్టేషన్‌లో ఇంకో రాజ్యం! కోలారు నుంచి చిత్తూరు వైపు పారిపోయినవాణ్ణి వెనక్కి రప్పించడానికి 1903 నాటి అప్పగింత చట్టం ఉండేది. ఈరోజు బస్సులో పోయి వచ్చే దూరం, ఆ రోజు రెండు ప్రభుత్వాల మధ్య వ్యవహారం.

స్వాతంత్ర్యం తర్వాత దేశమంతా ఒకటైంది. ఇప్పుడు రాష్ట్రాల మధ్య అప్పగింత అనేది లేదు. ఏ కోర్టు ఇచ్చిన వారెంటైనా దేశంలో ఎక్కడైనా అమలు చేయవచ్చు. కానీ చట్టం ఆ మధ్య మనిషిని తీసేయలేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 82వ సెక్షన్ చూడండి. వారెంటు మీద వేరే జిల్లాలో అరెస్టు చేస్తే, ఆ మనిషిని అక్కడి మెజిస్ట్రేట్ ముందో జిల్లా పోలీసు అధికారి ముందో నిలబెట్టాలి. వారెంటు ఇచ్చిన కోర్టు 30 కిలోమీటర్ల లోపు ఉన్నా, ఇక్కడి అధికారి కంటే దగ్గరగా ఉన్నా మినహాయింపు. వారెంటు లేకుండా పట్టుకున్నా, రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు హాజరు పరచాలి. ఆ గడువు చాలదనుకుంటే ఇక్కడి మెజిస్ట్రేట్ దగ్గర ట్రాన్సిట్ రిమాండ్ తీసుకోవాలి. ఆ తల్లి కొడుకు విషయంలో జారిపోయింది ఈ మెట్టే.

ఇంకో ముఖ్యమైన తీర్పు ఉంది. వేరే రాష్ట్రంలో కేసు పెట్టారు, అరెస్టు చేస్తారని భయంగా ఉంది. అంత దూరం పోయి బెయిలు అడగడానికి టైము లేదు. అప్పుడు మనం ఉన్న చోటి సెషన్స్ కోర్టో హైకోర్టో కొద్ది రోజులకు ముందస్తు బెయిలు ఇవ్వవచ్చని 2023 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు పుట్టింది బెంగళూరుకూ రాజస్థాన్‌కూ మధ్యనే. ఇక 2025 నవంబరులో ఇంకో మాట చెప్పింది. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. తెలుగు, కన్నడం, తమిళం కలిసి బతికే ఈ జిల్లాలో ఆ మాట విలువ నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు దేశాల మధ్య సంగతి. మన దేశంలో దీనికి 1962 నాటి చట్టం ఉంది. విదేశాంగ శాఖ ప్రకటించిన లెక్కల ప్రకారం 48 దేశాలతో ఒప్పందాలు, 12 దేశాలతో ఏర్పాట్లు ఉన్నాయి. వేరే దేశం మన దగ్గరున్న మనిషిని అడిగితే కేంద్ర ప్రభుత్వం ఒక మెజిస్ట్రేట్‌ను విచారించమంటుంది. ప్రాథమిక ఆధారాలు లేవని మెజిస్ట్రేట్ అనుకుంటే వదిలేస్తాడు. ఉన్నాయనుకుంటే ప్రభుత్వానికి రాస్తాడు. చివరి నిర్ణయం ప్రభుత్వానిది. రాజకీయ నేరాలకు అప్పగించకూడదు. మామూలుగా ఆ పని రెండు దేశాల్లోనూ నేరమై ఉండాలి. ఏ నేరానికి అప్పగించారో దానికే విచారించాలి. అబూ సలేంను 2005లో పోర్చుగల్ మనకు అప్పగించేటప్పుడు మరణశిక్ష వేయం, 25 ఏళ్ళకు మించి జైల్లో ఉంచం అని మన ప్రభుత్వం మాట ఇచ్చింది. ఆ మాటకు కట్టుబడాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. రెడ్ నోటీసు అనే మాట మీరు టీవీలో వింటారు. అది ప్రపంచమంతా చెల్లే వారెంటు కాదు. ఫలానా మనిషి ఎక్కడున్నాడో చూసి ఆపండి అని ఇంటర్‌పోల్ ద్వారా సభ్యదేశాలకు పోయే విన్నపం. దాన్ని ఎంతవరకు పాటించాలన్నది ఆయా దేశాల చట్టం చెప్తుంది.

గల్ఫ్‌లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట. యు.ఏ.ఇ., కువైట్, సౌదీలతో మనకు ఒప్పందాలున్నాయి. యజమాని జీతం ఇవ్వక, పాస్‌పోర్టు లాక్కుంటే తట్టుకోలేక ఇంటికి వచ్చేసిన మనిషి, "పారిపోయాడని కేసు పెట్టారు, నన్ను పట్టుకుపోతారేమో" అని వణుకుతుంటాడు. పని మానేయడం మన దేశంలో నేరం కాదు. దానికోసం అప్పగించరు. పారిపోయి వచ్చిన దాసుణ్ణి యజమానికి అప్పగించవద్దని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం ఎప్పుడో చెప్పింది. కానీ అక్కడి బ్యాంకులో తీసుకున్న అప్పు వేరు. 2020 జనవరి నుంచి యు.ఏ.ఇ. సివిల్ కోర్టుల డిక్రీలను మన జిల్లా కోర్టుల్లో అమలు చేయించుకోవచ్చు. లేని భయం వద్దు, ఉన్న బాధ్యత మరవొద్దు.

ఇక్కడ మీకొక కోపం రావాలి. బెంగళూరు వ్యాపారి విజయ్ మాల్యా 2016 మార్చిలో ఇంగ్లండు పోయాడు. అప్పగించవచ్చని 2018 డిసెంబరులో లండన్ కోర్టు చెప్పింది. 2020లో అప్పీలు కొట్టేశారు. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆయన అక్కడే ఉన్నాడు. ముంబై ఆర్థర్ రోడ్ జైల్లో ఆయన్ను ఉంచబోయే గది ఎట్లా ఉందో వీడియో తీసి ఆ కోర్టుకు చూపించారు. మన డెలివరీ పిల్లవాణ్ణి తీసుకుపోయిన గది ఎట్లా ఉందని ఎవరు అడిగారు?

అయితే ఆ కోపం ఎటు పోవాలో జాగ్రత్తగా చూసుకోండి. "విచారణలెందుకు, పట్టుకొచ్చి లోపలేయండి" అని మనం అరిచామంటే ఆ అరుపు మొదట తగిలేది మన పిల్లలకే. కాలయాపన అన్యాయమే. కానీ మాల్యాను ఆగి విన్నందుకు కాదు నా బాధ, మనవాణ్ణి ఆగి విననందుకు. ఆశ్రయపురాలను దేవుడు ఎందుకు పెట్టమన్నాడు? హంతకుడు దాక్కోవడానికా? కాదు. ప్రతీకారం తీర్చుకునేవాడి చేతికి చిక్కకముందే ఆ మనిషి సమాజం ఎదుట నిలబడి తన మాట చెప్పుకోవడానికి. తప్పు చేసినట్టు తేలితే అక్కడా ఆశ్రయం లేదు.

యువతీయువకులారా, మీరు చేయగలిగినవి చెప్పి ముగిస్తాను. మీ బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు ఎవరికీ అద్దెకివ్వకండి. మీ వీధిలోకి వేరే రాష్ట్రం పోలీసులు వస్తే అడ్డుపడకండి, కొట్లాడకండి. పేరు, స్టేషన్, కేసు నంబరు మర్యాదగా అడగండి. అరెస్టు మెమో మీద ఇంటివాళ్ళో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. అది చదివి పెట్టండి. స్థానిక స్టేషన్‌కు పోయి చెప్పండి. లాయరుకు డబ్బు లేకపోతే న్యాయ సేవల నంబరు 15100కు ఫోన్ చేయండి. ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురు ఈ పనికి సిద్ధంగా ఉండాలి. ఆ రాత్రి ఆ తల్లి పక్కన స్టేషన్‌కు నడిచేవాళ్ళు ఎవరైనా ఉండుంటే, వాడి ఆచూకీకి రెండు రోజులు పట్టేది కాదు.

ఉత్తరాలు చేతబట్టుకుని దమస్కుకు పోయినవాడే, చివరికి తన మాట వినమని కైసరయలో అడుక్కోవలసి వచ్చింది. ఈరోజు పట్టుకునేవైపు ఉన్నాం కదా అని ఎవరూ ధీమా పడొద్దు. ఇంకొకరి బిడ్డను కారెక్కించేటప్పుడు "ముందు మెజిస్ట్రేట్ దగ్గరికి తీసుకుపోండి సార్" అని అడిగేవాళ్ళు ఈ కూడికలోంచి లేవాలని నా ప్రార్థన.