ఈస్టు కరువును దాటు విధము
(తలుపులలో రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



ఈతకల్లు ముంతలో నురుగు పొంగించునది ఈస్టు అను సూక్ష్మజీవి. తీపి ఉన్నంతకాలము అది గాలి లేకున్నను పులియబెట్టుచు బ్రతుకును. తీపి అయిపోయి, నత్రజని కూడ కరువైనప్పుడు ఒక కణము లోపల సాధారణముగా నాలుగు సిద్ధబీజములు ఏర్పడును. గట్టి పొర గల ఈ బీజములు ఎండుదలకు ఓర్చుకొని, ఆహారము దొరకినపుడు తిరిగి మొలకెత్తును. కరువు ఎరిగిన మీకు ఈ ఉపాయము సులభముగా బోధపడును.

బీజము కట్టుటకు శక్తి కావలెను. కణములోని మైటోకాండ్రియాలు గాలిలోని ప్రాణవాయువుతో, మిగిలిన ఆహారమును నెమ్మదిగా దహించి ఎ.టి.పి. అను శక్తి పదార్థమును తయారుచేయును. 1929లో దీనిని కనుగొన్నవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. 1940 దశాబ్దములో ఫ్రాన్సులో బోరిస్ ఎఫ్రూసీగారు శ్వాసశక్తి కోల్పోయిన ఈస్టును పరిశీలించిరి. మైటోకాండ్రియా చెడిన అట్టి ఈస్టు తీపి ఉన్నంతవరకు బ్రతుకును గాని, సిద్ధబీజములు కట్టజాలదు.

మన చెనక్కాయ గింజలోను మైటోకాండ్రియాలు గలవు. చెట్టున ఉండగా గింజ నిండుటకు శ్వాస అవసరము. కోసిన పిదప తేమ ఎక్కువైనచో గింజ వృథాగా శ్వాసించి, దాచుకొన్న ఆహారమును, మొలకశక్తిని పోగొట్టుకొనును. కావున విత్తనపు కాయలను తేమ 9 శాతమునకు తగ్గువరకు ఎండబెట్టి, ఒలవక కాయలుగానే నిలువచేయుడు. కాయను చెవి దగ్గర ఊపిన గింజ గలగలలాడవలెను.

ఈస్టు బీజమైనను, మన విత్తనమైనను ముందు శ్వాసించి నిండవలెను. పిదప ఎండి నిద్రపోవలెను. అట్టి విత్తనమే వాన పడిననాడు మొలకెత్తును.