పొట్ట మీద గాటు, కాళ్లలో తిమ్మిరి



ఈరోజు నర్సింగ్ పట్టా అందుకున్న మీలో కొందరు రేపు ఈ కల్లూరు చుట్టుపక్కల, కొందరు భద్రాచలం అడవి అంచు పల్లెల్లో పనిలో చేరతారు. అక్కడికి ఒక పెద్దాయన వస్తాడు. అరికాళ్లు మొద్దుబారాయంటాడు. చెప్పు జారిపోయినా తెలియడం లేదంటాడు. షుగరో, వయసో అనుకుంటారు. దయచేసి ఆయన పొట్ట చూడండి. గాటు కనిపిస్తే ఏం ఆపరేషన్, ఎప్పుడైంది అని అడగండి.

క్యాన్సర్ వచ్చి జీర్ణాశయం మొత్తం తీసేస్తే, బి12ను పేగు పీల్చుకోవడానికి కావలసిన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ కూడా దాంతోనే పోతుంది. కాలేయంలోని నిల్వ కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. క్యాన్సర్ పోయిందని ఇంటిల్లిపాదీ కుదుటపడ్డాక వెన్నుపాము దెబ్బతినడం మొదలవుతుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో మరోచోటో కోసిన సర్జన్ అప్పటికి దగ్గర ఉండడు. మీరుంటారు.

అలాంటివారికి రక్తం తక్కువుందని ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలిచ్చి పంపేస్తే చాలదు. ఫోలిక్ యాసిడ్‌ను 1945లో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. స్ప్రూ అనే పేగుల వ్యాధికి అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషాయన. ఆ మందంటే నాకు భక్తి. కానీ బి12 లోపించినవారికి అదొక్కటే ఇస్తే రక్తం పెరుగుతుంది, నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. 1940ల్లోనే వైద్యులు ఇది గమనించారు. బి12ను వేరుచేసింది 1948లో. సుబ్బారావు గారు కన్నుమూసిందీ ఆ ఏడాదే.

ఇంకో ప్రమాదం ఇన్నేళ్లు ఆగదు. ఆపరేషనైన కొన్ని వారాలకే కొందరు ఆగని వాంతులతో వస్తారు. నీరసమని గ్లూకోజ్ సీసా ఎక్కించడం మన పల్లెల్లో అలవాటు. ఒంట్లో బి1 నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. అది అడుగంటిన మనిషికి ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. ఒకటి రెండుగా కనిపిస్తుంది, మనిషి తూలతాడు, మాట తికమకపడుతుంది. తాగొచ్చాడని చుట్టుపక్కలవాళ్లు అనుకుంటారు. సీసా తగిలించకముందే థయమిన్ (బి1) ఇంజక్షన్ సంగతి డాక్టరు గారికి గుర్తుచేయండి. చిన్నవాళ్లం, మనమెలా చెప్తామని వెనకాడొద్దు.

బి12 ఇంజక్షన్ ఖరీదైంది కాదు. డాక్టరు రాసిన లెక్కన నెలకోసారో మూడు నెలలకోసారో, బతికున్నంతకాలం పడాలి. "తిమ్మిర్లు తగ్గాయి కదమ్మా, ఇంకెందుకు?" అని మానేస్తారు. ఆలస్యమైతే కాళ్లలో పోయిన పట్టు పూర్తిగా తిరిగిరాకపోవచ్చు. అందుకే ఆరోగ్యశ్రీ ఫైలు అట్ట మీద తర్వాతి తేదీ పెద్దక్షరాలతో రాయండి. ఆశా అక్కకు చెప్పండి. ఆరోజు రాకపోతే ఇంటికి కబురు పంపండి.