చేయూతతో పుట్టిన కోడిపిల్ల

గడచిన శీతకాలమున మా పెరటి నాటుకోడి 11 గుడ్లమీద పొదుగుకు కూర్చుండెను. 21వ నాటి సాయంకాలమునకు 9 పిల్లలు రెక్కల క్రింద నుండి తొంగిచూచుచుండెను. ఒక గుడ్డు మురిగిపోయినది. మిగిలిన గుడ్డునకు ఆ మధ్యాహ్నమే నెఱ్ఱె వాసినది గాని, అంతకుమించి కదలిక లేదు. చెవియొద్ద పెట్టిన సన్నని కిచకిచ మాత్రము వినబడెను. మరునాటి ఉదయమున పెట్ట తన 9 పిల్లలను వెంటబెట్టుకొని పెరటిలోనికి దిగిపోయెను. నెఱ్ఱె వాసిన గుడ్డు గంపలో చల్లబడుచుండెను. తల్లిని నిందించి లాభము లేదు. కన్నులయెదుట తిరుగు పిల్లలకు అది మేత చూపవలెను గదా!

ఇట్టి గుడ్డును ఏమి చేయవలెనని శ్రోతలు తరచుగా జాబులు వ్రాయుచుందురు. పెంకు ఒలిచి పిల్లను తీయవచ్చునా అన్నది మొదటి ప్రశ్న. తీసిన పిల్లను ఎట్లు బ్రతికించవలెనన్నది రెండవది. నేడు ముఖ్యముగా రెండవదానిని గూర్చియే ముచ్చటింపనున్నాము. కాని మొదటిదాని విషయమున కొంత చెప్పక తీరదు. పెంకు ఒలుచుటలోని తొందరయే తరువాత ప్రాణము తీయును.

ఈ పాఠము మాకు సుఖముగా అబ్బలేదు. కొన్ని సంవత్సరములకు పూర్వము ఇట్టి గుడ్డే చేతికి రాగా, జాలిపడి, పది నిమిషములలో పెంకంతయు ఒలిచివైచితిమి. పొరవెంట నెత్తురు కారెను. పిల్ల బొడ్డునుండి పచ్చసొన వ్రేలాడుచుండెను. ప్రొద్దు గ్రుంకులోపల అది చనిపోయెను. మా చిన్నవాడు దానిని జామచెట్టు క్రింద పాతిపెట్టి, రెండు దినములు మాతో సరిగా మాటలాడలేదు.

గుడ్డులోని పిల్ల 19, 20 దినముల వరకు ఊపిరితిత్తులతో గాలి పీల్చదు. పెంకునకు లోపల అంటియున్న పొరలోని రక్తనాళములే, పెంకు రంధ్రములగుండా వచ్చు ప్రాణవాయువును దానికి అందించును. పిమ్మట అది గుడ్డు వెడల్పువైపు నున్న గాలి అరలోనికి ముక్కు పొడిచి తొలి ఊపిరి తీయును. ఆ తరువాత ముక్కుకొననున్న చిన్న గట్టి మొనతో పెంకును పగులగొట్టును. నెఱ్ఱె వాసిన పిమ్మట పండ్రెండు గంటలో, ఒక్కొక్కప్పుడు ఒక దినమంతయునో, పిల్ల ఇంచుమించు కదలక పడియుండును. చూచువారు దానిని నీరసమనుకొందురు. నిజమునకు పొరలోని రక్తము పిల్ల శరీరములోనికి మరలునదియు, మిగిలిన పచ్చసొన బొడ్డుగుండా కడుపులోనికి చేరునదియు ఆ సమయముననే. అది ముగియకమునుపు మనము చేయి పెట్టితిమా, నెత్తురు చూడవలసివచ్చును.

కావున నెఱ్ఱె వాసి ఒక దినము గడచినను పని సాగనప్పుడు, లేదా పొర ఎండి కాగితమువలె పిల్లను బిగించినప్పుడు మాత్రమే పూనుకొనవలెను. గోరువెచ్చని నీట ముంచిన దూదితో పొరను తడిపి, గాలి అర వైపునుండి చిటికెడు చిటికెడుగా పెంకు తీయవలెను. ఎఱ్ఱని నాళములు కనబడిన వెంటనే ఆపి, కొన్ని గంటలు గుడ్డును వెచ్చగా, తేమగా ఉంచవలెను. కడపట కాళ్ళు తన్నుకొని పెంకునుండి వెలువడు పని పిల్లకే విడిచిపెట్టవలెను. ఈసారి మేము అట్లే చేసితిమి. ఇప్పుడు హైస్కూలులో చదువుచున్న మా చిన్నవాడే గడియారము ముందు పెట్టుకొని కూర్చుండెను. మా చేయి ముందుకు పోయినప్పుడెల్ల వాడు వారించెను. అపరాహ్ణమున ఆరంభించిన పని రాత్రి 11 గంటలకు ముగిసెను. పిల్ల తడిసి ముద్దయై, తల నిలుపలేక, గుడ్డమీద బోరగిల పడియుండెను.

అట్టి పిల్లకు వెంటనే కావలసినది వెచ్చదనము. మొదటి వారము సుమారు 35 డిగ్రీల సెంటిగ్రేడు, అనగా ఫారన్‌హీటు లెక్కన 95 డిగ్రీలు, ఉండవలెను. పిమ్మట వారమునకు మూడేసి డిగ్రీల సెంటిగ్రేడు తగ్గించవచ్చును. అట్టపెట్టెలో ఊక పోసి, గోనెగుడ్డ పరచి, ఒక ప్రక్కగా 40 వాట్ల బల్బు వ్రేలాడగట్టిన చాలును. అయితే నేడు ఇండ్లలో వెలుగుచున్న ఎల్.ఇ.డి. బల్బులు ఇందుకు పనికిరావు. అవి వెలుగునిచ్చునే గాని చాలినంత వేడి నీయవు. లోపలి తీగ ఎఱ్ఱబారు పాతరకపు బల్బే కావలెను. మేము దానికై ఆ ఉదయము ఇల్లంతయు గాలించి, తుదకు దేవుని గూటిలో వెలుగుచున్న దానిని ఊడదీసి తెచ్చితిమి. విద్యుత్తు నిలువని ఊళ్ళలో వేడినీటి సీసాకు గుడ్డచుట్టి పెట్టవచ్చును. పెట్టెలో ఒక మూల చల్లగా ఉండవలెను. పిల్ల బల్బుక్రిందనే ముడుచుకొని అరచిన వేడి చాలలేదని, నోరు తెరచి రెక్కలు వ్రేలవైచిన వేడి మించినదని ఎఱుగవలెను. కదలలేని పిల్లను మాత్రము మనమే జరుపుచుండవలెను.

బొడ్డునకు ఎండిన పొర అంటియున్న లాగరాదు. అది తానై రాలును. ఒక బొట్టు పోవిడోన్ అయోడిన్ అద్దిన మంచిది. సొన కొంచెము బయట నిలిచియున్నచో లోనికి నొక్కరాదు. పిల్లను చిన్న గిన్నెలో, తడిపి పిండిన మెత్తని గుడ్డపై కదలకుండ ఉంచి వేచియుండుటకన్న చేయదగినది లేదు. అట్టివానిలో కొన్ని దక్కవు.

మా అత్తగారు ఆ రాత్రియే దూదివత్తిని పాలలో ముంచి తెచ్చిరి. మెల్లగా వారించితిమి. పాలు పక్షులకు సరిపడవు. లేవలేని పిల్ల నోట నీరు పోసినను అది ఊపిరితిత్తులలోనికి పోవును. కడుపులోనికి చేరిన సొన పిల్లను రెండు మూడు దినములు పోషించును. ఒకనాటి పిల్లలను మేత నీరు లేకయే పెట్టెలలో దూరపు ఊళ్ళకు పంపు వ్యాపారమంతయు ఈ సొన బలముననే సాగుచున్నది. మరునాడు పిల్ల ఆరి, నిలబడిన పిమ్మట, ముక్కుకొనను నీటికి తాకించిన తానే త్రాగును. నీటి మూకుడులో గులకరాళ్ళు వేయవలెను. లేనిచో వ్రేలెడు నీటిలో మునిగిపోవును. మేతకు పిల్లల దాణా శ్రేష్ఠము. సన్నని నూకలు మాత్రమే పెట్టిన మాంసకృత్తులు చాలవు. మన పల్లెలలో పిల్లలకు చెదలు పెట్టుట ఊరక పుట్టిన అలవాటు కాదు.

మా పిల్ల మరునాడు నిలువబోయి, కాళ్ళు చెరియొక ప్రక్కకు జారి కూలబడెను. పెంకులో ఎక్కువసేపు బిగిసియున్న పిల్లలకు ఇది కలుగుట కద్దు. వార్తాపత్రిక పరచిన నున్నని నేలమీద మంచి పిల్లలకు సైతము కలుగును. గాయములకు అంటించు పట్టీని సన్నగా కత్తిరించి, రెండు కాళ్ళను సహజమైన ఎడముతో జతచేసి వదులుగా కట్టితిమి. ఎముకలు మెత్తగా ఉన్న తొలి రెండు మూడు దినములలో చేసిననే ఇది ఫలించును. రెండు దినములకు అది తిన్నగా నిలిచెను. నిలిచి, మా చిన్నవాని మడమల వెంట పరుగెత్తజొచ్చెను. తొలి దినములలో కంటబడి కదలుదానినే ఇట్టి పిల్లలు తల్లిగా ఎంచును. బాతుపిల్లలలో ఈ గుణమును విశదపరచిన కొన్‌రాడ్ లోరెంజ్ 1973లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. ముచ్చటగా ఉండునని ఇట్లే పెంచితిమా, అది కోళ్ళలో కలియదు. ఒంటరియైన పిల్ల అరచి అరచి సొమ్మసిల్లును గూడ.

ఎంత ఆలస్యమైన అంత కష్టము గనుక, మూడవనాటి రాత్రి దాని ఎడమకాలికి ఎఱ్ఱదారము గుర్తుకట్టి, దీపము తీసి, గంప క్రిందినుండి పెట్ట రెక్కలోనికి జొనిపితిమి. పగటివేళ ఐనచో పొడిచి తరిమియుండును. వారము తిరుగులోపల కొక్కెర రోగమునకు కంటిలో వేయు చుక్కల టీకా అన్నిటితోబాటు దీనికిని వేయించవలసియున్నది. తెల్లవారి గంప ఎత్తి లెక్కించితిమి. పదియు ఉన్నవి. పెట్ట కొక్కొక్కోయని పెరటిలోనికి దిగెను. ఎఱ్ఱదారముది అన్నిటికన్న వెనుక, మా చిన్నవాని వంక ఒకమారు చూచి, పరుగున పోయి కలిసెను.